అలిపిరి మెట్లెక్కే గుండె కేదారం ఎక్కుతుందా?

కేదార్‌నాథ్ గుడి తలుపులు తెరిచే రోజులు దగ్గరపడితే చాలు, నాకొచ్చే ఉత్తరాల్లో సగం కొండల గురించే ఉంటాయి. ఈ నెల దగ్గులూ ఆయాసాలూ పక్కనపెట్టి వాటికే చోటిస్తున్నాను. నేను కొండ కింద పుట్టి పెరిగినదాన్ని. ముప్పై ఏళ్ళుగా తిరుపతిలోనే ఊపిరితిత్తుల జబ్బులు చూస్తున్నాను. కొండ ఎక్కడమంటే మనవాళ్ళకుండే ధైర్యం నాకు బాగా తెలుసు. ఆ ధైర్యంలో ఒక తప్పు లెక్క కూడా ఉంది. మొదటి ఉత్తరంలోనే అది కనిపిస్తుంది.

ప్రశ్న: ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. వయసు 61. తిరుపతి బైరాగిపట్టెడలో ఉంటాం. నెలకోసారి అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాను. బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను, షుగరు లేదు. జూన్‌లో నేను, మా ఆవిడ, మా వియ్యంకుల వాళ్ళు కలిసి చార్‌ధామ్ పోతున్నాం. కేదార్‌నాథ్‌కు హెలికాప్టర్ బుక్ చేశాం, రాత్రికి పైనే ఉంటాం. అక్కడ ఊపిరాడదంట మామయ్యా అని మా కోడలు ఒకటే భయం. 3,550 మెట్లు ఎక్కేవాడికి ఏమవుతుందమ్మా అని నవ్వేశాను. మీకు రాయమని పట్టుబడితే రాస్తున్నాను.

జవాబు: మీ కోడలు భయపడటంలో న్యాయం ఉంది అన్నా. నవ్వేయకండి.

ముందు మన మెట్ల సంగతి చూద్దాం. తిరుపతి సముద్రమట్టానికి దాదాపు 160 మీటర్ల ఎత్తున ఉంది. తిరుమల 850 మీటర్ల పైచిలుకు. గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడికి పోయినా 21 శాతమే. పైకి పోయేకొద్దీ తగ్గేది గాలి ఒత్తిడి. ఒత్తిడి తగ్గితే గాలి పలచబడుతుంది, ఒక్కో ఊపిరితో లోపలికొచ్చే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రం పక్కన దొరికేదాంట్లో 90 శాతం దాకా తిరుమలలో దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఒంటికి ఆ తేడా తెలియను కూడా తెలియదు. మోకాళ్ళమిట్ట దగ్గర మీకొచ్చే ఆయాసం మీ కాళ్ళు చేసే పని వల్ల వచ్చేది, ఎత్తు వల్ల కాదు. మెట్టు మీద కాసేపు కూర్చుంటే పోతుంది.

కేదార్‌నాథ్ ఎత్తు దాదాపు 3,580 మీటర్లు. అక్కడ దొరికేది 65 శాతమే. మీరు మెట్టు ఎక్కినా ఎక్కకపోయినా, కూర్చున్నా, దుప్పటి కప్పుకుని నిద్రపోయినా అంతే. అక్కడ విశ్రాంతిలో కూడా లోటు లోటుగానే ఉంటుంది. అలిపిరి మెట్లు మీ కాళ్ళకు, గుండెకు కసరత్తు నేర్పాయి, నిజమే. పలచటి గాలిలో బతకడం మాత్రం నేర్పలేదు. అది ఇంకో విద్య. దాన్ని ఒళ్ళు అక్కడికి పోయాకే నేర్చుకుంటుంది, రోజులు పడుతుంది.

ఎలా నేర్చుకుంటుందో చెప్తాను. మెడలో, మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమని రెండుగా చీలే చోట, రెండు పక్కలా బియ్యపుగింజంత కండ ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని ముందు పసిగట్టేది అదే. వెంటనే ఊపిరి లోతుగా, గబగబా తీయమని మెదడుకు చెప్తుంది. గుండె వేగం పెరుగుతుంది. ఇక్కడ నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండె అక్కడ తొలిరోజుల్లో ఊరికే కూర్చున్నా 85, 90 కొట్టుకోవచ్చు. బీపీ కూడా కొంచెం పైకి పోతుంది. అయితే ఊపిరి ఎక్కువ తీసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది చూసి మెదడు, ఇక చాల్లే, ఊపిరి తగ్గించు అంటుంది. ఒకరు తీయమంటారు, ఇంకొకరు వద్దంటారు. రాత్రి నిద్రలో కాసేపు ఊపిరి ఆగి, మళ్ళీ ఉలిక్కిపడి ఎగపీల్చడం ఈ తగవు వల్లే. మూత్రపిండాలు ఆ క్షారాన్ని కొంచెం కొంచెంగా మూత్రంలో వదిలేస్తే తగవు తీరుతుంది. దానికి రెండు మూడు రోజులు కావాలి. మీరు ఎంత గట్టి మనిషయినా మీ మూత్రపిండాలు తొందరపడవు.

ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత కారణం ఒకటుంది. 2012 జూన్‌లో మేం కుటుంబంగా లడఖ్ పోయాం. మా మరిదికి అప్పుడు 41. రోజూ షటిల్ ఆడేవాడు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు నలభై ఐదు నిమిషాల్లో ఎక్కేవాడు. పొద్దున ఢిల్లీలో విమానం ఎక్కి, గంటన్నర తిరక్కుండానే 3,500 మీటర్ల ఎత్తున లే పట్టణంలో దిగాం. తిరుపతిలో కొన్న చిప్స్ ప్యాకెట్ సంచిలోంచి తీస్తే దిండులా ఉబ్బిపోయి ఉంది. పిల్లలు దాన్ని గుద్ది ఆడుకున్నారు. బయట ఒత్తిడి ఎంత తగ్గిందో ఆ ప్యాకెట్ కళ్ళముందే చెప్తోంది, ఛాతీ డాక్టర్‌నయిన నేను నవ్వుతూ చూశాను. సాయంత్రం మావాడు శాంతిస్తూపం మెట్లు పరుగున ఎక్కాడు. "ఇవీ ఒక మెట్లేనా వదినా" అన్నాడు. రాత్రికి తలనొప్పన్నాడు. పారాసిటమాల్ ఇచ్చాను. మర్నాడు కారులో ఖర్దుంగ్ లా కనుమకు పోయాం, అది 5,359 మీటర్లు. ఆ రాత్రి పొడిదగ్గు మొదలైంది. చలిగాలి అనుకున్నాను.

తెల్లవారుజామున మూడింటికి మా తోడికోడలు తలుపు కొట్టింది. పోయి చూస్తే మావాడు పడుకోలేక మంచం మీద ముందుకు వంగి కూర్చున్నాడు. పెదాలు బూడిదరంగులో ఉన్నాయి. కుడిచంక కింద స్టెత్ పెట్టి విన్నాను. మీ చెవి పక్కన నాలుగు వెంట్రుకలు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూడండి. అదే చప్పుడు, ప్రతి ఊపిరికీ. గాలి ఉండాల్సిన గదుల్లో నీరు చేరిందన్న మాట. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ వేలికి పెడితే 64. ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళి ఆక్సిజన్ పెట్టించాం. తెల్లారేసరికి 88కి వచ్చింది. ఆక్సిజన్ మీదే ఢిల్లీకి దించాం, రెండు రోజుల్లో మామూలు మనిషయ్యాడు. ఆ తప్పు నాది. తలనొప్పి మొదలైన సాయంత్రమే, రేపు కనుమకు పోయేది లేదు అని చెప్పాల్సినదాన్ని.

ఇప్పుడు మీ యాత్ర గురించి. హెలికాప్టర్ మిమ్మల్ని పది నిమిషాల్లో దాదాపు రెండు వేల మీటర్లు పైకి ఎత్తుతుంది. ఒంటికి ఏమీ చెప్పకుండా ఎత్తుతుంది. దర్శనం చేసుకుని అదే రోజు దిగిపోతే ప్రమాదం తక్కువ. నిద్రపోయే ఎత్తే అసలు లెక్క. పైన పడుకోవాలనే ఉంటే ముందు రాత్రులు మధ్యలో గడపండి. యమునోత్రి, గంగోత్రి చూసుకుని తర్వాత కేదార్‌నాథ్ పోయే వరస మంచిది. గంగోత్రి దారిలో హర్సిల్ 2,600 మీటర్ల దగ్గర ఉంది, అక్కడ ఒకటి రెండు రాత్రులు ఉండేలా మాట్లాడుకోండి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటే పెంచకూడదు. తలనొప్పి, వికారం కలిసి వస్తే ఇంకో అడుగు పైకి వద్దు. కూర్చుని ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు, తాగినవాడిలా తూలు నడక, వీటిలో ఏది కనిపించినా రాత్రనకుండా దిగాల్సిందే.

బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానొద్దు. 61 కాబట్టి పోయేముందు ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. ఇంకో మాట. మీ ఆవిడ ఆరోగ్యం గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఆమెకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. మన ఇళ్ళల్లో ఆ వయసు ఆడవాళ్ళు తొమ్మిదితో, పదితో పనులన్నీ చేసుకుపోతుంటారు. ఆక్సిజన్ మోసే బండ్లే తక్కువుంటే, సరుకు తగ్గిన చోట ఏం మోస్తాయి?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. వయసు 54. నాలుగు నెలల కిందట స్టెంటు వేశారు. కాలినడకన కొండకొస్తానని మొక్కుకున్నాను. స్టెంటు ఉన్నవాళ్ళకు ఎత్తు పనికిరాదు, బస్సులో కూడా పోవద్దు అంటున్నారు మావాళ్ళు.

జవాబు: బస్సులో నిశ్చింతగా పోయి రండి అమ్మా. తిరుమల ఎత్తు మీ స్టెంటును ఏమీ చేయదు. మెట్లు మాత్రం వేరే సంగతి. కాలిబాటలో గుండెపోటు వచ్చిన మనుషుల్ని నేను చూశాను. వాళ్ళను దెబ్బతీసింది గాలి కాదు, అలవాటు లేని శ్రమ, ఉపవాసం, ఆ పూట మానేసిన మాత్రలు. మీ గుండె డాక్టర్ ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసి సరేనంటే, అప్పుడు చల్లటి పూట ఆగి ఆగి ఎక్కండి. రక్తం పలచబడే మాత్రలు ఆ రోజు కూడా వేసుకోవాలి. మొక్కు తీర్చడానికి గడువేమీ లేదు కదా.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా ఆయన సైన్యంలో లే వైపు పనిచేస్తున్నాడు. పోయిన ఏడాది ఎనిమిది నెలలు అక్కడే ఉన్నాడు, ఒక్క రోజు కూడా తలనొప్పి అనలేదు. నలభై రోజులు సెలవు మీద వచ్చి, గానుగ దగ్గర కూడా పనిచేసి, మంచిగా ఉండి తిరిగిపోయాడు. విమానం దిగిన మూడో రోజు ఆయాసం, దగ్గితే ఎర్రటి నురగ. సైనిక ఆసుపత్రిలో చేర్చి బాగుచేశారు. అలవాటైన చోటే కదా, ఎందుకిట్లా అయింది? గుండె పాడైందేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మా అత్తకు ఈ మాట చెప్పలేదు.

జవాబు: ముందు మీరు నిద్రపోండి తల్లీ. ఈ జబ్బు సమయానికి గుర్తిస్తే పూర్తిగా నయమవుతుంది, సాధారణంగా ఊపిరితిత్తుల్లో మచ్చ కూడా మిగలదు. మీ ఆయనకు వచ్చింది గుండె దెబ్బతిని వచ్చే నీరు కాదు. ఇందాక చెప్పిన మా మరిదికి వచ్చినదే, ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు.

ఊపిరితిత్తుల్లో ఒక వింత ఏర్పాటుంది. ఒంట్లో మిగతా చోట్ల ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు వెడల్పవుతాయి. ఊపిరితిత్తుల్లో మాత్రం ముడుచుకుంటాయి. చెరుకుతోటకు నీళ్ళు కట్టేటప్పుడు మీ ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు? పైరు లేని మడికి మడవ మూసి, పైరున్న మడికి నీళ్ళు తిప్పుతారు. ఇదీ అంతే. కఫం అడ్డుపడి ఒక మూలకు గాలి అందకపోతే అక్కడికి రక్తం పంపడం దండగ. ఆ మూల నాళం బిగుసుకుంటుంది, రక్తం గాలున్న వైపు మళ్ళుతుంది. 1946లో స్వీడన్‌లో ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పిల్లుల మీద ప్రయోగాలతో దీన్ని చూపించారు. మన ఊళ్ళో ఉన్నంతకాలం ఇది చాలా మేలు చేసే ఏర్పాటు.

లేలో గాలి తగ్గేది ఒక మూల కాదు, ఊపిరితిత్తులంతటా. అన్ని మడవలూ ఒకేసారి మూసుకోవడం మొదలుపెడతాయి. గుండె కుడివైపు గది మాత్రం రక్తాన్ని తోస్తూనే ఉంటుంది. పైగా మడవలన్నీ ఒకే తీరుగా మూసుకోవు. కొన్ని గట్టిగా బిగుసుకుంటాయి, కొన్ని వదులుగా ఉంటాయి. వరదంతా ఆ వదులుగా ఉన్నవాటి మీద పడుతుంది. అక్కడి నాళాల గోడలు కాగితం కంటే పలచన. గట్టు తెగినట్టు నీరు, దాంతో కొంచెం రక్తం గాలిగదుల్లోకి కారుతుంది. మీరు రాసిన ఎర్రటి నురగ అదే.

మరి అలవాటైన మనిషికి ఎందుకొచ్చింది అంటారా? నెలల తరబడి పైన ఉన్నవాళ్ళకు ఆ నాళాల గోడల్లో కండ కొంచెం మందమవుతుంది. కిందికొచ్చి సెలవులో ఉన్నప్పుడు రక్తంలో నీటిపాలు మళ్ళీ పెరుగుతుంది, ఊపిరి వేగం పాత పద్ధతికి వచ్చేస్తుంది. అంటే ఎత్తుకు పనికొచ్చే అలవాటు పోతుంది, మందమైన కండ మాత్రం ఇంకా ఉంటుంది. ఆ స్థితిలో విమానమెక్కి ఒక్కసారిగా పైన దిగితే అది కొత్తవాడి కంటే గట్టిగా బిగుసుకోగలదు. పెరూ దేశపు కొండల్లో పుట్టి, కింద సముద్రతీరంలో కొన్ని వారాలుండి ఇంటికి తిరిగొచ్చిన పిల్లల్లో కూడా ఇదే జబ్బు చూశారు. తమ సొంత ఊళ్ళోనే, తల్లీ.

ఈ జబ్బు గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో మన సైనిక వైద్యుల పాలు పెద్దది. 1960లో అమెరికా వైద్యుడు చార్లెస్ హ్యూస్టన్ దీన్ని వివరంగా రాశాడు. అంతకుముందు చాలామంది న్యుమోనియా అనో, గుండె జబ్బు అనో అనుకునేవాళ్ళు. 1962లో చైనాతో యుద్ధంలో మన జవాన్లను మైదానాల నుంచి హడావిడిగా పైకి తరలించాల్సి వచ్చింది. చలికీ తుపాకులకూ తోడు ఈ జబ్బు వాళ్ళను పడగొట్టింది. ఇందర్ సింగ్ అనే సైనిక వైద్యుడూ ఆయన సహచరులూ ఆ రోగుల వివరాలు ఓపిగ్గా రాసిపెట్టారు. 1965లో ఊపిరితిత్తుల నీరు మీద, 1969లో 1,925 మంది సైనికుల్లో వచ్చిన కొండజబ్బు మీద వాళ్ళు రాసిన వ్యాసాలను ఇప్పటికీ ప్రపంచమంతా చదువుతుంది. సైన్యంలో ఇప్పుడు పాటించే మెట్లవారీ పద్ధతి ఆ అనుభవం మీద నిలబడిందే. 9 వేల నుంచి 12 వేల అడుగుల మధ్య ఆరు రోజులు, 15 వేల దాకా ఇంకో నాలుగు, ఆ పైన మరో నాలుగు. మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. సెలవు నుంచి తిరిగొచ్చినవాళ్ళు కూడా మళ్ళీ అలవాటు పడాల్సిందే.

ఇక గుండె సంగతి. ఎత్తులో కుడివైపు గది ఎక్కువ ఒత్తిడికి ఎదురు పనిచేస్తుంది కాబట్టి ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళలో దాని గోడ మందమవుతుంది. కిందికొస్తే ఆ బరువు దిగుతుంది. పెరూలో 4,300 మీటర్లకు పైన పుట్టి పెరిగినవాళ్ళు రెండేళ్ళు సముద్రమట్టంలో ఉన్నాక, వాళ్ళ ఊపిరితిత్తుల ధమనిలో ఒత్తిడి దాదాపు సగానికి పడిపోయింది. మీ ఆయన గుండెకు ఎకో పరీక్ష చేశారో లేదో ఫోనులో అడగండి. గదుల మధ్య గోడలో పుట్టుకతో చిన్న రంధ్రం ఉన్నవాళ్ళకు ఈ జబ్బు సులభంగా వస్తుంది, అది చూడాలి. ఒకసారి వచ్చినవాళ్ళకు మళ్ళీ వచ్చే వీలు ఎక్కువ. ఈసారి సెలవు నుంచి పోయాక మొదటి రోజే యూనిట్ డాక్టర్‌కు పాత సంగతి చెప్పమనండి. తోటివాళ్ళ ముందు నామర్దా అని దగ్గును దాచే అలవాటు మగపిల్లల్లో ఉంటుంది. మీరు చెప్తే వింటాడు. మీ అత్తకు కూడా చెప్పండి, ఒక్కరే మోయకండి.

ప్రశ్న: నా వయసు 24. చిత్తూరులో మా నాన్న టైర్ల షాపు చూసుకుంటాను. ఆగస్టులో నలుగురం మనాలి నుంచి లేకి బైకుల మీద పోతున్నాం. ఆక్సీమీటర్ కొన్నాం. ఎంత చూపిస్తే టెన్షన్ పడాలి? కర్పూరం వాసన చూస్తూ పోతే చాలంటున్నారు, నిజమేనా? ఆక్సిజన్ డబ్బాలు తీసుకుపోవాలా?

జవాబు: మనాలి దారి మానుకో బాబూ, శ్రీనగర్ దారిన పో. మనాలి 2,050 మీటర్లు. ఆ దారిలో చాలామంది రెండో రాత్రికే సర్చూలో గుడారాల్లో పడుకుంటారు, అది 4,290 మీటర్లు. అర్ధరాత్రి ఊపిరాడకపోతే కిందికి దిగుదామన్నా ముందు కనుమ ఎక్కాలి, ఇటు వచ్చినా అటు పోయినా. శ్రీనగర్ నుంచి పోతే సోనమర్గ్‌లో ఒక రాత్రి, కార్గిల్‌లో ఒక రాత్రి, రెండూ 2,700 మీటర్లకు అటూ ఇటూ. ఒళ్ళు పాఠం నేర్చుకుంటూ వస్తుంది. మనాలి దారి తిరుగుప్రయాణంలో చూసుకోండి.

ఆక్సీమీటర్ అంకె ఒక్కటే పట్టుకోకు. లేలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు కూడా తొలిరోజుల్లో 85 నుంచి 92 మధ్య చూపిస్తుంది. చలికి వేళ్ళు గడ్డకట్టి ఉంటే ఇంకా తప్పు చూపిస్తుంది. చేతులు రుద్దుకుని, పది నిమిషాలు కూర్చుని పెట్టుకో. అదే గదిలో ముగ్గురికి 88 ఉండి నాలుగోవాడికి 75 ఉంటే, వాడు నవ్వుతూ ఉన్నా సరే, ఆ రోజు బైకు ఎక్కనివ్వొద్దు. నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనించి నడవమను. తూలితే మెదడుకు వాపు వస్తోందని అర్థం. అప్పుడు దిగడమే మందు.

కర్పూరం ముక్కులో చల్లదనం తెలిపే నరాలను తడుతుంది, ఊపిరి తేలికైనట్టు అనిపిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ చుక్క కూడా పెరగదు. అమర్‌నాథ్ పోయే మనవాళ్ళ మెడల్లో కర్పూరం మూటలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ హాయి వల్ల కిందికి దిగాల్సిన మనిషి ఇంకో గంట ఎక్కుతాడు. చేతిలో పట్టే ఆక్సిజన్ డబ్బాలు కొన్ని నిమిషాలకు సరిపోతాయి, అంతే. అసిటజోలమైడ్ మాత్ర నిజంగా పనిచేస్తుంది. ఇందాక చెప్పానే, మూత్రపిండాలు క్షారం వదిలే పని, దాన్ని అది తొందరపెడుతుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టర్‌కు ఆ మాట ముందే చెప్పాలి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, సోడా చప్పగా ఉంటుంది, కంగారుపడొద్దు. మద్యం, సిగరెట్టు, నిద్రమాత్ర, ఈ మూడూ ఆ పది రోజులు ముట్టొద్దు. నిద్రలో ఊపిరిని మందగించేవి అక్కడ విషంతో సమానం.

ప్రశ్న: మాది మదనపల్లె. మా తాత టీబీ వస్తే ఆరోగ్యవరం శానటోరియంలో ఉండి బతికి బయటపడ్డాడు. ఇక్కడి గాలి మహిమ అనేవాడు. మా నాన్నకు 68, నలభై ఏళ్ళు బీడీలు తాగాడు, సీఓపీడీ (పొగ వల్ల ఊపిరిగొట్టాలు ఇరుకయ్యే జబ్బు) అన్నారు. ఇంట్లో ఆక్సీమీటర్ 91 చూపిస్తోంది. హార్స్‌లీ హిల్స్‌లో ఇల్లు తీసుకుని ఉంచితే ఊపిరి బాగుపడుతుందా?

జవాబు: వద్దండి. మీ తాతగారి కాలం వేరు, జబ్బు వేరు. టీబీని చంపే మందు లేని రోజుల్లో విశ్రాంతి, మంచి తిండి, శుభ్రమైన గాలి తప్ప వైద్యం లేదు. 1944లో స్ట్రెప్టోమైసిన్ అనే టీబీ మందు వచ్చింది. మద్రాసులో జరిగి 1959లో బయటికొచ్చిన అధ్యయనం, మందులు సరిగ్గా వేసుకుంటే ఇంట్లో ఉన్నా శానటోరియంలో ఉన్నా ఒకటే అని తేల్చింది. ఆరోగ్యవరం చేసిన సేవ మీద నాకు గౌరవం ఉంది, నా విద్యార్థులకు దాని గురించి చెప్తుంటాను. అయితే మీ నాన్నగారికి కావలసింది ఆక్సిజన్, కొండ మీద దొరికేది అదే తక్కువ. హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల దగ్గర ఉంది. 91 ఉన్న మనిషికి అక్కడ ఇంకొంచెం తగ్గుతుంది, చలి దానికి తోడు. ఒక పూట పోయి రావడానికి అభ్యంతరం లేదు. బీడీ పూర్తిగా మాన్పించండి, ఇన్‌హేలర్ సరిగ్గా పీలుస్తున్నారో ఎదురుగా కూర్చుని చూడండి, ఇంట్లో కట్టెలపొయ్యి ఉంటే తీసేయండి.

ప్రశ్న: నేను చిత్తూరులో ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. ఎత్తయిన చోట ఎర్రరక్తకణాలు పెరుగుతాయని మా మేడం చెప్పారు. అలాగైతే అక్కడే పుట్టినవాళ్ళ రక్తం మనకంటే చాలా చిక్కగా ఉంటుందా? ఎంత ఎక్కువుంటే అంత మంచిదా?

జవాబు: మంచి ప్రశ్న అడిగావు తల్లీ. ఆక్సిజన్ తగ్గిన కొన్ని గంటల్లోనే మూత్రపిండాలు ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ వదులుతాయి. కణాలు ఆక్సిజన్ లోటును ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకే 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు నోబెల్ వచ్చింది. కొత్త ఎర్రకణాలు తయారై రక్తంలోకి రావడానికి మాత్రం వారాలు పడుతుంది. మొదటి వారంలో హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపిస్తే, అది రక్తంలో నీరు తగ్గడం వల్ల.

ఎక్కువైతే మంచిది కాదు. రాగిజావ గొంతులో జారుతుంది, సంగటి జారదు కదా. రక్తం సంగటిలా చిక్కబడితే గుండె తోయలేక అలసిపోతుంది. పెరూ కొండల్లో ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళలో ఇలాంటి జబ్బును కార్లోస్ మోంగే అనే వైద్యుడు 1925లో మొదట వివరించాడు. మొహం నల్లగా కంది, తలనొప్పి, మతిమరుపు, ఆయాసం. దానికి ఆయన పేరే పెట్టారు.

టిబెట్ వాళ్ళ సంగతి, వాళ్ళకు దగ్గరి బంధువులైన లడఖీల సంగతి వేరు. వాళ్ళ పూర్వీకులు వేల ఏళ్ళు ఆ ఎత్తున బతికారు. ఈపీఏఎస్1 అనే జన్యువులో వాళ్ళకున్న ప్రత్యేకమైన రూపం వల్ల ఎర్రకణాలు విపరీతంగా పెరగవని 2010లో తెలిసింది. ఆ రూపం డెనిసోవన్లనే పాత మానవజాతి నుంచి వచ్చిందని 2014లో తేలింది. రక్తం చిక్కబరుచుకోకుండా, ఊపిరి ఎక్కువ తీసుకుని, రక్తనాళాలు వదులుగా ఉంచుకుని వాళ్ళు నెట్టుకొస్తారు.

లేలో ఆ రాత్రి మా మరిది కోసం ఆక్సిజన్ సిలిండర్‌ను భుజాన వేసుకుని పై అంతస్తుకు తెచ్చింది ఒక లడఖీ నర్సు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆమె మాట్లాడుతూనే మెట్లెక్కింది. ఒట్టి చేతులతో వెనకాల ఎక్కిన నేను మధ్యలో గోడ పట్టుకుని ఆగిపోయాను. మర్నాడు మావాడు కాస్త తేరుకున్నాక, నీ హిమోగ్లోబిన్ ఎంత అని ఆమెను అడిగాను. పోయిన నెలే చూసుకుందట. 13 అంది. మన తిరుపతిలో ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్లకు ఎంతుంటుందో, అంతే.